ఫ్లూ టీకాకు జోరు పెంచే ప్రొటీన్లు: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ప్రొటీన్లు తయారుచేసే ఒక ల్యాబ్‌లో నా ఉద్యోగం. వానలు మొదలయ్యే ముందు మారతహళ్ళి, కేఆర్ పురం వైపున్న మనవాళ్ళు ఫ్లూ టీకా గురించి అడగడం మొదలుపెడతారు. ఈమధ్య అందులో కొత్త ప్రశ్న చేరింది: “టీకాలో ఏదో ప్రొటీన్ కలిపితే ఇమ్యూనిటీ బాగా పెరుగుతుందటగా, అదెప్పుడొస్తుంది?” ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కంటే అన్నీ ఒకచోట రాస్తే నయమనిపించింది. నేను డాక్టర్ని కాదు. మీ ఒంటికి సంబంధించిన నిర్ణయం మీ డాక్టర్‌తో మాట్లాడాకే తీసుకోండి.

ప్రశ్న: ఏటా వేయించుకున్నా ఫ్లూ వస్తూనే ఉంది. ఇదేం టీకా అండీ?

మీ కోపంలో న్యాయం ఉంది. టీకాలో పెట్టిన రకమూ, బయట తిరుగుతున్న వైరసూ బాగా కలిసిన ఏడాదిలో కూడా, డాక్టర్ దగ్గరికి పరిగెత్తించేంత ఫ్లూని ఈ టీకా 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది, అంతే. రెండూ కలవకపోతే మరీ అన్యాయం. 2014-15 చలికాలంలో అమెరికాలో ఆ లెక్క 19 శాతం దగ్గర ఆగిపోయింది. తట్టు టీకా పక్కన పెట్టి చూస్తే ఇది బలహీనమైన టీకాయే.

అయితే ఒక మాట. వర్షాకాలంలో వచ్చే ప్రతి జలుబూ ఫ్లూ కాదు. ముక్కు కారించే వైరస్‌లు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని ఫ్లూ టీకా ఆపదు. టీకా వేయించుకున్నాక నాలుగు తుమ్ములు వస్తే ఆ నింద టీకా మీద వేయకండి.

బలహీనతకు కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది చాలామందికి తెలిసిందే. వైరస్ ఏడాది తిరిగేసరికి పైతొడుగు మార్చుకుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికీ ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. రెండో కారణం గురించి బయట పెద్దగా మాట్లాడరు. టీకా మన ఒంటిని గట్టిగా తట్టి లేపదు. మీరు అడుగుతున్న ప్రొటీన్ల గొడవంతా ఈ రెండో కారణం కోసమే.

ప్రశ్న: తట్టి లేపదంటే? వైరస్‌నే కదా ఎక్కిస్తున్నారు?

వైరస్‌ని కాదు, వైరస్ ముక్కల్ని. మామూలు ఫ్లూ టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల హీమాగ్లుటినిన్ ఉంటుంది. అది వైరస్ పైన ముళ్ళలాగా పొడుచుకొచ్చి ఉండే ప్రొటీన్. దాంతోనే వైరస్ మన గొంతు కణాలకు అతుక్కుంటుంది.

1945లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి టీకాలో చంపిన వైరస్ మొత్తం ఉండేది. దాన్ని అభివృద్ధి చేసిన థామస్ ఫ్రాన్సిస్ బృందంలో జోనస్ సాక్ కూడా ఉన్నాడు, తర్వాత పోలియో టీకాతో పేరు తెచ్చుకున్న ఆయనే. మొత్తం వైరస్ ఉన్న టీకాలకు చెయ్యి వాచేది, జ్వరం వచ్చేది, పిల్లలకు మరీనూ. దాంతో తర్వాతి దశాబ్దాల్లో వైరస్‌ని రసాయనాలతో విరగ్గొట్టి, కావలసిన ముక్కలు మాత్రమే శుభ్రం చేసి ఇవ్వడం మొదలుపెట్టారు. జ్వరాలు తగ్గాయి. కానీ ఆ శుభ్రతలో వైరస్ ఆర్ఎన్ఏ, అంటే దాని జన్యుపదార్థం, కూడా పోయింది. ఆ ఆర్ఎన్ఏని మన కణాల్లోని టీఎల్ఆర్-7 అనే గ్రాహకం చూడగానే “ఇది వైరస్” అని గుర్తుపట్టి హెచ్చరిక పంపేది. అలా ఇబ్బందితో పాటు హెచ్చరిక కూడా కొట్టుకుపోయింది.

ఊళ్ళో దండోరా వేయకుండా పంచాయతీ గోడకు కాగితం అంటించి వెళ్ళిపోయినట్టు తయారైంది ఇప్పటి టీకా. చదివేవాడు చదువుతాడు, మిగతావాళ్ళకు సంగతే తెలియదు. పెద్దవాళ్ళం అప్పటికే చాలాసార్లు ఫ్లూ పడి ఉంటాం కాబట్టి మన జ్ఞాపక కణాలకు ఆ మాత్రం సరిపోతుంది. అసలెప్పుడూ ఫ్లూ చూడని చంటిపిల్లలకు చాలదు. అందుకే పిల్లలకు మొదటిసారి వేసేటప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేస్తారు.

ప్రశ్న: ఇమ్యూనిటీ పెంచే ప్రొటీన్ అంటే ప్రొటీన్ పౌడరేనా? మా అబ్బాయి జిమ్‌కని డబ్బాలు డబ్బాలు తెస్తున్నాడు.

కాదండీ. ఆ పౌడర్ కడుపులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, కండకు పనికొస్తుంది. తిప్పతీగ కషాయానికీ దీనికీ కూడా సంబంధం లేదు. ఇక్కడ చెప్పేవి మైక్రోగ్రాముల లెక్కన, సరిగ్గా టీకా పడిన చోట తెల్ల రక్తకణాలకు సంకేతం పంపే ప్రొటీన్లు. వీటిని నోటితో మింగితే ప్రయోజనం లేదు.

ప్రశ్న: మరి అవేం ప్రొటీన్లు?

రెండు కుటుంబాలు ఉన్నాయనుకోండి.

మొదటి కుటుంబం మన ఒంట్లోవే. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వదిలే సైటోకైన్లు ఇందులోకి వస్తాయి: ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్-12, జీఎం-సీఎస్ఎఫ్ లాంటివి. ఇంటర్‌ఫెరాన్ పుట్టింటి కథే ఫ్లూతో ముడిపడి ఉంది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ని కోడిగుడ్డులోని పిండం చుట్టూ ఉండే పొర మీద పెట్టారు. ఆ పొర ఏదో పదార్థాన్ని బయటికి వదిలింది. ఆ పదార్థం తగిలిన తాజా పొరలు బతికున్న వైరస్‌ని కూడా అడ్డుకున్నాయి. ఆ పదార్థమే ఇంటర్‌ఫెరాన్.

ఇదే కుటుంబంలో సీ3డీ అనే ముక్క కూడా ఉంది. రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థ, చొరబడిన క్రిమికి ఇలాంటి ముక్కల్ని అతికించి గుర్తు పెడుతుంది. 1996లో ఒక బృందం కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే ప్రొటీన్‌కు ఈ సీ3డీని మూడు వరసలుగా అతికించి ఎలుకలకు ఇస్తే, విడి లైసోజైమ్ కంటే పదివేల రెట్లు తక్కువ మోతాదుకే స్పందన వచ్చింది. ఆ సంఖ్య చూసినప్పుడు ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత ఫ్లూ హీమాగ్లుటినిన్‌కు కూడా సీ3డీ తగిలించి ఎలుకల్లో ప్రయత్నించారు.

రెండో కుటుంబం బాక్టీరియా నుంచి తెచ్చినవి. మన ఒళ్ళు వాటిని చూసిన వెంటనే శత్రువని పోల్చుకుంటుంది. బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెలిన్, ఈ-కోలై వదిలే ఎల్‌టీ అనే విషం, కలరా విషంలోని బి భాగం ఇలాంటివే.

వీటిలో చాలావాటి పని ఒకటే: టీకా పడిన చోటికి డెండ్రిటిక్ కణాల్ని రప్పించి, అవి టీకా ముక్కని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి వెళ్ళి చూపించేలా చేయడం. ఈ తొలి మెట్టు రోగనిరోధకతనూ, డెండ్రిటిక్ కణాల పాత్రనూ అర్థం చేసుకున్నందుకే 2011లో బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్, రాల్ఫ్ స్టైన్‌మన్‌లకు నోబెల్ వచ్చింది.

ప్రశ్న: వీటిలో మీకు ఏది బాగా నచ్చింది?

ఫ్లాజెలిన్. కారణం చెబుతాను.

మామూలు అడ్జువెంట్, అంటే టీకాకు తోడుగా వేసే పదార్థం, టీకాలో విడిగా కలుస్తుంది. కండలోకి వెళ్ళాక రెండూ ఒకే కణానికి చేరతాయన్న హామీ లేదు. ఫ్లాజెలిన్ ప్రొటీన్ కాబట్టి దాని జన్యువునూ, ఫ్లూ ప్రొటీన్ జన్యువునూ ఒకదాని వెనక ఒకటి కుట్టేసి బాక్టీరియాలో పెట్టి పెంచొచ్చు. వచ్చేది ఒకే అణువు. ఒక కొస శత్రువు గుర్తు, రెండో కొస హెచ్చరిక. ఏ కణం పట్టుకున్నా రెండూ కలిసే దొరుకుతాయి. కోడిగుడ్లు అక్కర్లేదు, కొత్త రకం వైరస్ వస్తే ఆ కొసని మార్చుకుంటే చాలు. కాగితం మీద ఇంతకంటే ముచ్చటైన ఆలోచన ఇంకోటి ఉండదనిపిస్తుంది.

అమెరికాలో వ్యాక్సిన్నేట్ అనే కంపెనీ దీన్ని మనుషుల దాకా తీసుకెళ్ళింది. హీమాగ్లుటినిన్ తల భాగానికి సాల్మొనెల్లా ఫ్లాజెలిన్ తగిలించిన టీకాని 65 దాటినవాళ్ళలో కూడా పరీక్షించారు, యాంటీబాడీలు బాగానే పెరిగాయి. వైరస్‌లో అంతగా మారని ఎం2ఈ అనే చిన్న భాగానికి ఫ్లాజెలిన్ కలిపి ఇంకో టీకా చేశారు. అక్కడే అసలు పాఠం బయటపడింది. మైక్రోగ్రాము, అంతకంటే తక్కువ మోతాదుల్లో అందరూ తట్టుకున్నారు. మోతాదు కొన్ని మైక్రోగ్రాములకు పెరిగేసరికి కొందరికి చలి, ఒళ్ళునొప్పులు, రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రొటీన్) పెరగడం కనిపించాయి. పనిచేసే మోతాదుకీ, పడుకోబెట్టే మోతాదుకీ మధ్య దూరం అంత తక్కువ. ఆ టీకాలు మార్కెట్ దాకా రాలేదు.

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఇంకో దారి పట్టారు. లోపల జన్యుపదార్థం లేని, వైరస్ ఆకారంలో ఉండే ఖాళీ గుల్లల మీద హీమాగ్లుటినిన్ పక్కనే ఫ్లాజెలిన్‌ని కూడా నాటారు. 2008లో అచ్చయిన ఆ పనిలో, ఎలుకలు టీకాలో లేని రకం ఫ్లూని కూడా కొంత తట్టుకున్నాయి. హెచ్చరిక గట్టిగా ఉంటే స్పందన ఎత్తే కాదు, వెడల్పు కూడా పెరుగుతుందన్నమాట. నా ఆశంతా ఈ వెడల్పు మీదే.

ప్రశ్న: మన ఒంట్లోదే కదా, సైటోకైన్ ఇస్తే ప్రమాదమేముంది?

నేరుగా సూదితో ఇస్తే అది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, ఇది మొదటి చిక్కు. చాలా సైటోకైన్లు రక్తంలో కొద్దిసేపట్లోనే కరిగిపోతాయి. టీకా ముక్క లింఫ్ గ్రంథికి చేరేలోపే సంకేతం ఆగిపోతుంది. జీఎం-సీఎస్ఎఫ్‌ని ఫ్లూ టీకాతో కలిపి పెద్దవాళ్ళకు ఇచ్చి చూసిన ప్రయోగాల్లో చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. అందుకే ఇప్పుడు వాటికి కొవ్వు తోక తగిలించి టీకా కణం పొరకే అంటుకుని ఉండేలా చేస్తున్నారు. టీకా ఎక్కడుంటే సంకేతం అక్కడే, ఒళ్ళంతా తిరగదు.

రెండో చిక్కు నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. టీకా పక్కన ఏది పెడితే దాని మీద కూడా యాంటీబాడీలు పుట్టొచ్చు. మన సొంత ప్రొటీన్ పెట్టి, మన ఒళ్ళు దాన్నే శత్రువనుకుంటే? జీఎం-సీఎస్ఎఫ్ మీద తనంతట తనే యాంటీబాడీలు పుట్టిన మనుషుల్లో ఊపిరితిత్తుల గాలి గదులు జిడ్డు పదార్థంతో నిండిపోయే జబ్బు వస్తుంది, అది వైద్యులకు తెలిసినదే. టీకాల వల్ల అలా జరిగిందని నేను అనడం లేదు. జరగదని చూపించాల్సిన బాధ్యత తయారుచేసేవాళ్ళదని అంటున్నాను.

ప్రశ్న: సూదంటే భయం. ముక్కులో చుక్కలుగా వేస్తే ఈ ప్రొటీన్లు పనిచేయవా?

పనిచేస్తాయి. మరీ బాగా పనిచేసి ఒకసారి కొంప ముంచాయి.

ఫ్లూ ముక్కుతోనే వస్తుంది కాబట్టి టీకా కూడా ముక్కులోనే వేస్తే అక్కడి తడి పొరల్లో ఉండే ఐజీఏ రకం యాంటీబాడీలు కాపలా ఉంటాయి. ఆలోచన చక్కనిదే. కానీ ముక్కు లోపలి పొరకు రోజంతా దుమ్మూ ధూళీ తగులుతూనే ఉంటాయి. చంపిన వైరస్ ముక్కని ఊరికే వేస్తే అది పట్టించుకోదు. గట్టి సంకేతం కావాలి. స్విట్జర్లాండ్‌లో 2000లో వచ్చిన నేజల్‌ఫ్లూ అనే టీకాలో ఈ-కోలై ఎల్‌టీ విషాన్ని కొద్దిగా చేర్చారు. ఆ సీజన్‌లోనే టీకా తీసుకున్న కొందరికి మూతి వంకరపోవడం, అంటే బెల్స్ పాల్సీ, కనిపించింది. తర్వాత 2004లో అచ్చయిన విశ్లేషణ ప్రకారం, టీకా తీసుకున్న ప్రతి 10,000 మందిలో దాదాపు 13 మందికి అదనంగా ఇది వచ్చింది. కంపెనీ టీకాని వెనక్కి తీసుకుంది.

ఎల్‌టీ ప్రొటీన్ నరాల కణాల పైనున్న గాంగ్లియోసైడ్లనే కొవ్వు అణువులకు అతుక్కోగలదు. ముక్కుకీ ముఖ నరాలకీ దూరమెంతో మీకు తెలుసు. విషగుణం తీసేసేలా మార్పు చేసిన ఎల్‌టీకే63 అనే రూపాన్ని తర్వాత వేరే టీకాల ప్రయోగాల్లో ముక్కులో వేసి చూశారు, అక్కడ కూడా ఇద్దరికి ముఖ నరం దెబ్బతింది. అదే ప్రొటీన్ కండలో ఇస్తే ఒక కథ, ముక్కులో ఇస్తే ఇంకో కథ. ఏ ప్రొటీన్ అన్నదాని కంటే ఎక్కడ, ఎంతసేపు, ఎంత మోతాదు అన్నదే తేలుస్తుంది.

ఇది చదివి ముక్కు టీకాలన్నీ ప్రమాదమనుకోకండి. పిల్లలకు ముక్కులో కొట్టే ఫ్లూ టీకాల్లో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది, అందులో ఎల్‌టీ లాంటివేవీ కలపరు. కోవిడ్‌కి మన దగ్గర వచ్చిన ముక్కు టీకా పద్ధతి కూడా వేరు.

ప్రశ్న: అడ్జువెంట్ ఉన్న ఫ్లూ టీకా ఇప్పటికే ఎక్కడా లేదా?

ఉంది, కానీ ప్రొటీన్‌తో కాదు, నూనెతో. ఎంఎఫ్59 అనేది స్క్వాలీన్ నూనెను నీళ్ళలో సన్నగా చిలికిన ద్రవం. ఇటలీలో 1997లో, అమెరికాలో 2015 చివర్లో 65 దాటినవాళ్ళకు అనుమతి దొరికింది. చిన్నపిల్లల్లో ఫిన్లండ్, జర్మనీల్లో చేసి 2011లో అచ్చయిన ప్రయోగంలో మామూలు టీకా 43 శాతం కాపాడితే, ఎంఎఫ్59 కలిపినది 86 శాతం కాపాడింది. ఆ తేడా అంత పెద్దదేనా అని తర్వాత ప్రశ్నలు లేచాయి, కానీ దిశ మాత్రం స్పష్టమే: ఫ్లూని ముందు చూడని ఒంటికి హెచ్చరిక ఎక్కువ ఉపయోగం.

ఇంకో నూనె అడ్జువెంట్ ఏఎస్03. 2009 స్వైన్ ఫ్లూ సమయంలో ఐరోపాలో వేసిన పాండెమ్‌రిక్స్‌లో ఉండేది. ఆ టీకా తర్వాత ఫిన్లండ్, స్వీడన్ పిల్లల్లో నార్కోలెప్సీ, అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర, పెరిగింది. తప్పంతా అడ్జువెంట్‌దే అని చాలామంది తీర్మానించేశారు. కానీ అదే ఏఎస్03తో కెనడాలో తయారైన టీకాలో అంత తేడా కనిపించలేదు. ఒక ప్రత్యేక జన్యు రకం ఉన్నవాళ్ళలో, వైరస్ ప్రొటీన్‌కీ మెదడులో మెలకువను నిలిపే హైపోక్రెటిన్‌కీ ఉన్న పోలిక కారణమై ఉండొచ్చని ఒక వివరణ. అడ్జువెంట్‌ని పూర్తిగా వదిలేయలేం, దాన్నొక్కదాన్నే దోషిగా నిలబెట్టలేం కూడా.

మన దేశంలో కోవాక్సిన్ వేయించుకున్నవాళ్ళందరికీ ఇలాంటి పదార్థం ఒకసారి ఒంట్లోకి వెళ్ళినట్టే. అందులో ఆలమ్ అనే అల్యూమినియం లవణంతో పాటు టీఎల్ఆర్-7, 8 గ్రాహకాలను తట్టే చిన్న అణువు ఉంది. అది ప్రొటీన్ కాదు గానీ పనితీరు అదే.

ప్రశ్న: మా మామయ్యగారికి 74. పెద్దవాళ్ళకి టీకా తక్కువ పనిచేస్తుందంటారు, ఎందుకు?

వయసుతో పాటు గుండె పైనున్న థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కొత్త టీ-కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) రాక తగ్గుతుంది. డెండ్రిటిక్ కణాలు మందగిస్తాయి. ఇంకా తమాషా ఏమిటంటే, పెద్దవాళ్ళ ఒంట్లో తక్కువ మంటమీద వాపు ఎప్పుడూ ఉండనే ఉంటుంది. ఎప్పుడూ మోగే గోలలో కొత్త హెచ్చరిక వినపడదు.

వీళ్ళ కోసం ఒక దారి, మోతాదు పెంచడం. ఒక్కో రకానికి 15 బదులు 60 మైక్రోగ్రాములు పెట్టిన టీకా అమెరికాలో 2009లో వచ్చింది. మామూలు దానికంటే 24 శాతం తక్కువ ఫ్లూ కేసులు వచ్చాయని 2014లో తేలింది. ఇంకో దారి హాంకాంగ్‌లో చేసిన పని. పులిపిర్లకు పూసే ఇమిక్విమోడ్ క్రీమ్‌ని చేతి మీద రాసి, ఐదు నిమిషాలాగి, అదే చోట చర్మంలోకి సన్న సూదితో ఫ్లూ టీకా ఇచ్చారు. ఆ క్రీమ్ టీఎల్ఆర్-7ని తడుతుంది. పెద్దవాళ్ళలో యాంటీబాడీలు తొందరగా, ఎక్కువగా వచ్చాయి. శుభ్రం చేసేటప్పుడు పోగొట్టుకున్న సంకేతాన్నే బయట నుంచి క్రీమ్‌లా రాసి తెచ్చుకున్నారు చూడండి!

ప్రశ్న: బెంగళూరులో ఎవరైనా ఈ పని చేస్తున్నారా?

చేస్తున్నారు. ఐఐఎస్‌సీలో, అదే ఆటోవాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే చోట, ప్రొఫెసర్ రాఘవన్ వరదరాజన్ బృందం హీమాగ్లుటినిన్ కాండం మీద చాలాకాలంగా పనిచేసింది. హీమాగ్లుటినిన్ తల ఏటా మారుతుంది, కాండం అంతగా మారదు. కానీ తల తీసేస్తే కాండం కుదురుగా నిలబడదు, ఆకారం చెదిరిపోతుంది. అది చెదరకుండా మార్పులు చేసి నిలబెట్టిన ముక్క గురించి 2014లో వాళ్ళు రాశారు. ఎలుకల్లో అది వేరే రకాల నుంచి కూడా కాపాడింది. అక్కణ్ణుంచి పుట్టిన స్టార్టప్ మైన్‌వాక్స్.

అడ్జువెంట్ సంగతి ఇక్కడ ఎందుకంటే, ఇలాంటి చిన్న శుభ్రమైన ముక్కకు సొంతంగా చప్పుడు చేసే శక్తి ఉండదు. పక్కన ఏదో ఒకటి కావాలి. కొందరు దాన్ని ప్రొటీన్ గోళం మీద అతికించి బలం తెస్తారు. అమెరికాలో 24 ముక్కలతో గోళంలా ఏర్పడే ఫెరిటిన్ మీద హీమాగ్లుటినిన్‌ని ఎనిమిది ముళ్ళుగా నిలబెట్టారు. యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలు వరసగా నిలబడ్డ ముళ్ళను చూస్తే ఊరుకోవు.

ప్రశ్న: అసలు యాంటీబాడీ పెరిగిందని ఎలా కొలుస్తారు?

నాకు ఇష్టమైన పరీక్ష ఇది, కొంచెం ఓపిక పట్టండి. 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం తీసుకుంటాం, గుంటల అడుగు కోసుగా ఉంటుంది. మనిషి సీరమ్‌ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, మొదటి గుంటలో పదో వంతుకు పలచన చేసి, తర్వాతి గుంటలో సగం, దాని తర్వాత దాంట్లో సగం అలా వెళతాం. అన్నిట్లో ఒకే మోతాదు వైరస్ వేస్తాం. కాసేపాగి కోడి రక్తకణాలు వేస్తాం. సీరమ్‌లో యాంటీబాడీ ఉంటే వైరస్‌కి చేతులు కట్టేసినట్టే, రక్తకణాలు నింపాదిగా జారి అడుగున ఎర్రటి బొట్టులా కూర్చుంటాయి. యాంటీబాడీ లేకపోతే వైరస్ కణాల్ని ఒకదానికొకటి అతికించి గుంటంతా గులాబీ రంగు పల్చటి తెరలా పరిచేస్తుంది. పళ్ళేన్ని వాలుగా పట్టుకుంటే బొట్టు కన్నీటిచుక్కలా కిందికి కారుతుంది, తెర కదలదు. ఎన్నో వంతుకు పలచన చేసిన గుంట దాకా బొట్టు వచ్చిందో ఆ సంఖ్యే టైటర్.

40వ వంతుకు పలచన చేసినా బొట్టు నిలిస్తే, సుమారు సగం మందికి రక్షణ ఉంటుందని పాత ప్రయోగాల లెక్క. అడ్జువెంట్ వార్తల్లో “నాలుగు రెట్లు పెరిగింది” అన్నది చాలాసార్లు ఈ బొట్ల లెక్కే. యాంటీబాడీ పెరగడం వేరు, ఆసుపత్రి తప్పడం వేరు. వార్త చదివేటప్పుడు ఏది కొలిచారో చూడండి.

ప్రశ్న: ఎలుకల్లో అంత బాగుంటే మనుషులకు ఎందుకు ఆలస్యం?

ల్యాబ్ ఎలుక జన్మలో ఫ్లూ చూడలేదు. మనం చిన్నప్పటి నుంచీ పడుతూనే ఉన్నాం. ఖాళీ పలక మీద రాసిన ఫలితం, ఇప్పటికే రాసున్న పలక మీద రాదు. ఇది మొదటి కారణం, బహుశా అన్నిటికంటే పెద్దది.

తర్వాత డబ్బు. టీకా ఇచ్చేది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు, అదీ ఏటా. పదివేలమందిలో పదముగ్గురికి వచ్చే చెడు కొన్ని వందలమంది ప్రయోగంలో దొరకదు, నేజల్‌ఫ్లూ అలాగే జారిపోయింది. వేలమంది మీద చూడాలంటే కోట్లు కావాలి. పైగా మార్కెట్లో ఇప్పటికే ఉన్న టీకా కంటే మెరుగని చూపించాలి. చిన్న కంపెనీలు అక్కడే ఆగిపోతాయి. ఈ ఆలస్యం చూసి నాకు చిరాకు వేస్తుంది, కానీ తప్పు పట్టలేను.

ప్రశ్న: ఆ కొత్తది వచ్చేదాకా ఆగి వేయించుకుందామా?

వద్దు. ఫ్లూ ఆగదు. ప్రపంచంలో ఏటా ఫ్లూ వల్ల వచ్చే శ్వాస జబ్బులతో 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 50 శాతం రక్షణ సున్నా కంటే మేలు కాదా?

బెంగళూరులో వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో వేయించుకుంటే మంచిది. యాంటీబాడీలు రావడానికి రెండు వారాలు పడుతుంది. చెన్నైలో ఉన్న బంధువులకు లెక్క వేరు. అక్కడా వెల్లూరులోనూ ఫ్లూ ఈశాన్య రుతుపవనాల సమయంలో, అక్టోబర్, నవంబర్ నెలల్లో ఎక్కువని అధ్యయనాలు చెప్పాయి. ఫ్లూ టీకా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సార్వత్రిక టీకాల జాబితాలో లేదు, డబ్బులు పెట్టి ప్రైవేట్‌గా వేయించుకోవాలి. మందుల షాపులో కొని క్లినిక్కు తీసుకెళ్ళేటట్టయితే ఐస్ ప్యాక్‌తో తీసుకెళ్ళండి, కానీ గడ్డకట్టనివ్వకండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి.

ప్రశ్న: మేం శాకాహారులం. టీకాలో గుడ్డు ఉంటుందా?

చాలా ఫ్లూ టీకాల వైరస్‌ని కోడిగుడ్లలోనే పెంచుతారు, గుడ్డు ప్రొటీన్ ఆనవాళ్ళు మిగలొచ్చు. గుడ్డు లేకుండా పురుగు కణాల్లో, క్షీరద కణాల్లో చేసే టీకాలు విదేశాల్లో ఉన్నాయి. మీ డాక్టర్ దగ్గర ఉన్నది దేంట్లో చేశారో డబ్బా మీద చూసుకోవచ్చు. ఫ్లాజెలిన్ రకం ఎప్పుడైనా వస్తే అది బాక్టీరియాలో పెరుగుతుంది కాబట్టి ఈ పేచీ ఉండదు.

ప్రశ్న: అత్తయ్యకి కీళ్ళవాతం, మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. టీకా వేయించొచ్చా?

చంపిన వైరస్ ముక్కల టీకా ఇలాంటివాళ్ళకు ఇంకా అవసరం. అమెరికా రుమటాలజీ కాలేజీ 2022 సూచనల ప్రకారం, జబ్బు అదుపులో ఉంటే టీకా తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే స్పందన బాగుంటుంది. కానీ ఆపాలా వద్దా అన్నది రుమటాలజిస్టే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి. సైటోకైన్ కలిపిన టీకాలు వస్తే ఇలాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఒళ్ళు తన మీదే దాడి చేసుకునే జబ్బులు, ఉన్నవాళ్ళను తొలి ప్రయోగాల్లో చేర్చుకోరు.

ప్రశ్న: టీకాకి ముందే పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం రాదు కదా?

ముందే వేసుకోకండి. చిన్నపిల్లలకు ఇతర టీకాలు వేసేటప్పుడు ముందుజాగ్రత్తగా పారాసెటమాల్ ఇస్తే కొన్నిటికి యాంటీబాడీలు తగ్గాయని చెక్ దేశంలో చేసి 2009లో అచ్చయిన ప్రయోగం చెప్పింది. ఫ్లూ టీకాతో అంతే తగ్గుతుందని దాన్నుంచి చెప్పలేం, కానీ మొదటి గంటల్లో వచ్చే ఆ కొద్దిపాటి వెచ్చదనం హెచ్చరికలో భాగమేనని అనుకోవడానికి కారణం ఉంది. సాయంత్రానికి నిజంగా జ్వరం వచ్చినా, చెయ్యి సలిపినా అప్పుడు నిరభ్యంతరంగా ఒక మాత్ర వేసుకోండి.